స్లాబు వరకు ఎంతవుతుంది?

నంద్యాలలో నా ఆఫీసంటే ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడవారగా ఒక బెంచీ. తొంభైలలోనూ, ఆ తర్వాతి పదేళ్లలోనూ ఆ బెంచీ మీద కూర్చున్న ప్రతి మనిషీ నన్ను మొదట అడిగిన ప్రశ్న ఒకటే. "సారూ, స్లాబు వరకు ఎంతైతాది?" పేరు చెప్పేవాళ్లు కారు, స్థలం ఎక్కడో చెప్పేవాళ్లు కారు. జ్వరం వచ్చినవాడు డాక్టరు గది గడప మీదే నిలబడి ఎన్ని రోజుల్లో తగ్గుతుందని అడిగినట్టు, కూర్చోకముందే ఈ ప్రశ్న.

ఈమధ్య పాలిటెక్నిక్ ముగించిన నలుగురైదుగురు వచ్చి, సొంతంగా ప్లాను గీసుకున్న ఇళ్లకు ఎస్టిమేట్ ఎలా వేయాలో నేర్పమన్నారు. వాళ్ల ఫోన్లలో పొడవు, వెడల్పు కొడితే సిమెంటు ఎన్ని మూటలో, కమ్మీలు ఎన్ని టన్నులో క్షణంలో వచ్చేస్తున్నాయి. అదే లెక్కకు నేను మూడు రోజులు, రెండు పెన్సిళ్లు, ఒక రబ్బరు ఖర్చు చేసేవాణ్ని. కాబట్టి గుణకారం నా దగ్గర నేర్చుకోవలసిన పని లేదు. గుణించే ముందు ఏం చూడాలో, చూడకపోతే ఏమవుతుందో చెబుతాను. అందులో నాకు మంచి అనుభవం ఉంది, ముఖ్యంగా చూడకపోవడంలో.

ముందు ఒక మాట. 'స్లాబు వరకు' అంటే పునాది, బేస్‌మెంటు, పిల్లర్లు, గోడలు, తలుపుల మీది లింటెల్, ఆపైన స్లాబు. అంతే. తలుపుల్లేవు, ప్లాస్టరింగు లేదు, కింద బండలు లేవు, కరెంటు లేదు. అయినా మా వైపు జనానికి స్లాబు పడితే ఇల్లు అయిపోయినట్టే. ఆ రోజు పనివాళ్లందరికీ భోజనం పెడతారు, ఇరుగుపొరుగును పిలుస్తారు. "మిగిలింది మెల్లగా చేసుకుందాంలే సారూ" అంటారు. ఆ 'మెల్లగా' ఎన్నేళ్లు ఉంటుందో నేను చూశాను. పూత లేని ఇటుక గోడల మధ్య పుట్టి, ఆ గోడల మధ్యే చదువుకుని పదో తరగతి పాసైన పిల్లలు ఈ ఊళ్లో ఉన్నారు.

ఇది ఎగతాళికి చెప్పడం లేదు. వాళ్ల లెక్క సరైనదే. తలుపు లేకపోతే గోనెపట్టా కట్టుకుని బతకవచ్చు. స్లాబుకు ముందే చేతిలో డబ్బు అయిపోతే మాత్రం ఆ గోడల మధ్య మేకలు తప్ప ఎవరూ కాపురం ఉండరు. అందుకే ఈ మొండి కట్టడం లెక్క తప్పకూడదు.

గోడకు మందం ఉంటుంది

నేను పని నేర్చుకున్నది నరసింహులు సార్ దగ్గర. పొట్టి మనిషి. పెళ్లికి వెళ్లినా జేబులో స్టీలు టేపు ఉండేది. భోజనాల పందిరి కొలిచి, ఎన్ని వరసలు పడతాయో పెళ్లివాళ్లకు చెప్పి వచ్చేవారు.

మా దగ్గరికి వచ్చేవాళ్లు ప్లాను తామే గీసుకొచ్చేవాళ్లు. పెళ్లిపత్రిక వెనక, క్యాలెండరు కాగితం వెనక, పిల్లల లెక్కల నోటుపుస్తకంలో. అన్నీ ఒంటి గీతలు. పది అడుగుల గది, దాని పక్కన పది అడుగుల గది, ఆ పక్కన ఇంకో పది అడుగుల గది. స్థలం వెడల్పు ముప్పై అడుగులు. అణా పైసలతో సరిపోయింది.

నరసింహులు సార్ ఆ కాగితాన్ని చాలాసేపు చూసేవారు. "శానా బాగా గీసినావప్పా. గోడలు యాడ పెడ్తావు?" అనేవారు.

వచ్చినాయన తన కాగితాన్ని తానే కొత్తగా చూసుకునేవాడు. నాలుగు గోడలు, ఒక్కొక్కటి తొమ్మిది అంగుళాలు. కలిపితే మూడు అడుగులు. ఏదో ఒక గదిలో మంచం బయటికి పోవాల్సిందే.

మెట్ల సంగతి ఇంకా బాగుండేది. ఒక బియ్యం వ్యాపారి మేడ మీదికి మెట్లను నాలుగడుగుల చోటులో ఇరికించి తెచ్చాడు. సార్ ఆఫీసు గచ్చు మీద సుద్దముక్కతో ఆ నాలుగడుగులు గీసి, "ఎక్కు సూద్దాం" అన్నారు. ఆయన చెప్పులు విప్పి, పంచె ఎగ్గట్టి ఆ గీతల్లో నిలబడ్డాడు. ఎటు కాలు ఎత్తాలో తెలియలేదు. "ఇది మెట్లు కాదప్పా, నిచ్చెన. నిచ్చెనకు ఎస్టిమేట్ ఎందుకు, బజార్లో దొరుకుతాది" అన్నారు సార్.

ఆయన వెళ్లాక నేను పగలబడి నవ్వాను. సార్ నవ్వలేదు.

"ఆయప్ప గీసింది ప్లాను కాదు శివా, కోరిక. కోరికకు మందం ఉండదు. మందం మనం వేయాల. దానికేగా మనకు దుడ్లు ఇచ్చేది."

ఆయన మరో ప్రశ్న కూడా తప్పకుండా అడిగేవారు. "ఇంట్లో సూపించినావా?" మర్యాదకు అడుగుతున్నారని చాలాకాలం అనుకున్నాను. నేను సొంతంగా బోర్డు పెట్టుకున్న రెండో ఏడు ఆ ప్రశ్న ఎంత అవసరమో తెలిసింది.

ఒకే స్థలం, రెండు ఇళ్లు

ఒక సోమవారం ఆళ్లగడ్డ నుంచి మస్తాన్ అనే ఆయన వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. సైకిళ్లు బాగుచేసే అంగడి ఆయనది, బాడుగ రేకుల షెడ్డులో. వేళ్ల సందుల్లోని గ్రీజు అంటకుండా కాగితాన్ని రెండు అంచులూ పట్టుకుని నా ముందు పెట్టాడు. రోడ్డు వైపు వరసగా మూడు అంగళ్లు. వాటి వెనక ఒక గది. దాని వెనక 'వంట' అని రాసిన అగ్గిపెట్టెంత చోటు.

"మూడు అంగళ్లెందుకు?" అన్నాను.

"ఒకటి నాది సారూ. రెండు బాడిక్కి ఇస్తా."

"మరి మీరు యాడుంటారు?"

కాగితం వైపు చూసి, "ఎనక గది ఉండాది గదా" అన్నాడు.

వాళ్లున్న బాడుగ ఇంటిని యజమాని పడగొట్టి కొత్తగా కట్టుకోబోతున్నాడట. ఎండాకాలం దాటేలోగా ఖాళీ చేయమన్నాడు. ఈలోగా స్లాబు పడితే చాలు, అందులోకి మారిపోతామన్నాడు మస్తాన్. ఇంట్లో చూపించారా అని అడిగాను. "సూపించినా సారూ. బాగుండాది అనింది" అన్నాడు, కిటికీలోంచి బయటికి చూస్తూ.

అదే వారం శుక్రవారం ఒకామె వచ్చింది. చేతిలో నోటుపుస్తకం. పేరు ఫాతిమాబీ, వీధి వీధి తిరిగి గాజులమ్ముతానని చెప్పింది. పుస్తకంలో స్కేలు పెట్టి నీలం సిరాతో గీసిన ప్లాను. పెద్ద వంటగది, దానికి రెండు కిటికీలు. ముందర హాలు, పక్కన పడకగది. అంగడి లేదు. తలుపులు ఎటు తెరుచుకోవాలో కూడా చిన్న గీతలు పెట్టింది. అన్నిటికంటే ముఖ్యం, ఆమె గోడలను రెండేసి గీతలతో గీసింది. అలా గీసుకొచ్చిన మనిషిని నేను అదే మొదటిసారి చూడటం.

"గోడకు జానెడు పోతాది గదా సారూ. నేను ఎన్ని ఇండ్లలో కూచోని గాజులు తొడిగినా, తలుపుల కాడ కొలుసుకుంటా వచ్చినా" అంది.

స్థలం కొలతలు చదివాను. ఇరవై ఏడున్నర అడుగుల వెడల్పు, నలభై మూడు పొడవు, రోడ్డు వైపు ఒక మూల కత్తిరించినట్టు ఏటవాలు. ఈ లోకంలో అలాంటి స్థలాలు రెండు ఉండవు. ఉన్నా, రెండూ ఆళ్లగడ్డలో ఉండవు.

"మీ ఆయన ఏం చేస్తారమ్మా?"

"సైకిలంగడి."

ఇంట్లో చూపించారా అని ఆమెను కూడా అడిగాను. "ఆయనకు ఇట్లాంటివి తెల్దు సారూ. మీరు లెక్క రాసిస్తే నేను సెప్తా" అంది. స్థలం కొన్నది ఆయన కూడబెట్టిన డబ్బుతో. కట్టడానికున్నది చాగలమర్రిలో ఆమె పుట్టింటి వాటా అమ్మితే వచ్చిన డబ్బు. ఇద్దరిలో ఎవరి ప్లాను పక్కన పెట్టినా, వాళ్ల డబ్బును నేను కాదన్నట్టు అవుతుంది.

పని మానేసి ఇంటిపట్టునే ఉంటున్న నరసింహులు సార్ దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆయన చాలాసేపు నవ్వారు. "ఇద్దురికీ ఒగే దినం రమ్మని కార్డు రాయి. ఒగటి అంగడికి, ఒగటి ఇంటికి" అన్నారు.

రాశాను. మస్తాన్ ముందు వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. పావుగంటకు ఫాతిమాబీ గడపలో నిలబడింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"బనగానపల్లెకు సామాన్లకు పోతాండా అంటివి" అంది ఆమె.

"నువ్వు పండ్ల డాక్టరు కాడికి అంటివి. ఈడ యాడ పీకుతాండారు పండ్లు?" అన్నాడు ఆయన.

ఆ తర్వాత మాటలు ఉర్దూలో సాగాయి. నన్ను సాక్ష్యానికి పిలవాల్సి వచ్చినప్పుడల్లా తెలుగులోకి వచ్చేవి. "సూడు సారూ, ఈయప్ప ఇల్లు కడ్తాండాడా, బజారు కడ్తాండాడా?" అని ఆమె. "ఆ వంటిల్లు సూడు సారూ, దాంట్లో సైకిలు నేర్చుకోవచ్చు" అని ఆయన. నేను పెన్సిల్ చెక్కుతూ కూర్చున్నాను. అది అప్పటికే బాగా చెక్కిన పెన్సిల్.

చివరికి ఒక ప్లాను తయారైంది. ఏటవాలు మూలలో ఒక్క అంగడి, దాని పక్కన హాలు, వెనక పడకగది, ఆ వెనక వంటగది. వంటగది కొలతల్లో ఆమె ఒక్క అంగుళం తగ్గలేదు, హాలునూ పట్టుబట్టి నిలుపుకుంది. ఇద్దరూ ఒకే బస్సుకు వెళ్లారు. పక్క పక్క సీట్లలో కూర్చున్నారో లేదో నాకు తెలియదు.

మీకు చెప్పేదేమంటే, ఎస్టిమేట్ అడగడానికి ఒక్కరే వచ్చినప్పుడు ఆ ఇంట్లో ఇంకొక ప్లాను ఉంటుంది. అది కాగితం మీద ఉండకపోవచ్చు. పునాది తీయకముందే దాన్ని బయటికి రప్పించండి. గోడలు లేచాక బయటపడితే గోడలే పడగొట్టాలి.

నేను తవ్వని గుంత

ఇక నా గొప్పతనం.

మా వైపు నేల ఎక్కువగా నల్లరేగడి. ఎండాకాలం చెయ్యి దూరేంత పగుళ్లిస్తుంది, తడిస్తే ఉబ్బుతుంది. దాని మీద పునాది వేస్తే ఇల్లు ఏడాదికొకసారి లేచి కూర్చుంటుంది. అందుకే పునాది రేగడిని దాటి కింద గట్టి నేలను అందుకోవాలి. ఎంత లోతులో ఉందో తవ్వితేనే తెలుస్తుంది. స్థలంలో రెండు మూడు చోట్ల గుంతలు తవ్వించి చూడాలి. ఇద్దరు మనుషులకు ఒక పూట పని. ఇది నాకు తెలుసు. నరసింహులు సార్ నూరుసార్లు చెప్పారు.

నేను ఆళ్లగడ్డ వెళ్లిన రోజు, పక్కింటివాళ్లకు మూడు అడుగులకే గరుసు తగిలిందని మస్తాన్ చెప్పాడు. గరుసు అంటే గట్టి కంకరమట్టి, పునాదికి అంతకంటే మంచి నేల అక్కర్లేదు. అప్పటికే ఫాతిమాబీ బిర్యానీ చేసి పెట్టింది. తిన్నాను. మళ్లీ వడ్డించింది. మళ్లీ తిన్నాను. బయటికి వచ్చి పక్కింటి గోడ చూశాను, ఎక్కడా పగులు లేదు. ఎండ మండుతోంది. "మూడున్నర అడుగులు లెక్క వేసుకుందాం" అన్నాను. కడుపు నిండిన ఇంజినీరుకు ప్రతి నేలా గట్టిగానే కనిపిస్తుంది.

నాలుగు పేజీల ఎస్టిమేట్ రాసిచ్చాను. కొట్టివేతలు లేవు, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. వాళ్ల దగ్గరున్న డబ్బు స్లాబు వరకు సరిపోయి, కొంచెం మిగులుతుంది కూడా. ఆ కాగితాన్ని నమ్మి ఇటుకలు, రాళ్లు తోలించుకున్నారు. బేల్దారి మేస్త్రీ ఓబులేసు ముగ్గు పోసి తవ్వకం మొదలుపెట్టాడు. ఆళ్లగడ్డ చుట్టుపక్కల పాతిక ఇళ్లు కట్టిన చెయ్యి అతనిది.

మూడో రోజు టెలిఫోన్ బూత్ నుంచి ఓబులేసు ఫోన్ చేశాడు.

"సారూ, ఒగసారి వచ్చిపోండి. ఈడ గాజులు వస్తాండాయి."

"ఏం గాజులు?"

"పగిలిన గాజులు సారూ. కుండపెంకులు, పాత చెప్పులు గూడా."

వెళ్లాను. మూడు వైపులా గరుసు చెప్పినట్టే మూడు అడుగులకు తగిలింది. రోడ్డు వైపు ఏటవాలు మూలలో మాత్రం ఆరడుగులు తవ్వినా బూడిద, పెంకులు, మెత్తటి మట్టి. ఆ వీధిలో వెనకటి మనుషులు మట్టి మిద్దెలు కట్టుకున్నప్పుడు మట్టి అక్కడే తవ్వారట. తర్వాత ఆ పెద్ద గుంతను ఏళ్ల తరబడి చెత్తతో నింపారట. ఈ సంగతి వీధిలో సగం మందికి తెలుసు. ఎవరూ నాకు చెప్పలేదు, ఎందుకంటే నేను ఎవరినీ అడగలేదు.

ఫాతిమాబీ ఒక గాజు ముక్క తుడిచి చూసింది. "ఇంత పాత రకం ఇప్పుడు యాడా దొరకవు" అంది. అంతకుమించి ఆ రోజు ఏమీ అనలేదు. అని ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

గట్టునే కూర్చుని లెక్క వేశాను. ఆ మూలలో గట్టి నేల దాకా దిగి పిల్లర్లు లేపాలంటే భూమి లోపలే మూటలకు మూటలు సిమెంటు, ట్రాక్టర్లకు ట్రాక్టర్లు రాయి పోతాయి. గోడలు లింటెల్ దాకా లేస్తాయి. స్లాబు పడదు.

మస్తాన్ దంపతులు కొంచెం అవతలికి వెళ్లాక ఓబులేసు నా పక్కన కూర్చున్నాడు. "ఏందీ సారూ ఇంత ఆలోసన? అడుగున ఇసక పోసి, నీళ్లు కొట్టి, పైన రాయి పరిసేస్తా. మట్టి కింద ఎవురు సూస్తారు? మీ ఎస్టిమేట్ గూడా తప్పు గాదు."

అతను చెడ్డవాడు కాదు. నా ముఖం చూసి జాలిపడ్డాడు. నిజం చెప్పాలంటే, ఒక పావుగంటసేపు ఆ మాట నాకు ఎంతో నచ్చింది. ఏడాది రెండేళ్ల వరకు ఏమీ కాకపోవచ్చు. ఆ తర్వాత గోడ పగిలితే కారణాలు వెతుక్కోవచ్చు. రేపు చెబుతానని లేచి బస్సెక్కాను.

సాయంత్రం నరసింహులు సార్ ఇంటికి వెళ్లాను. అరుగు మీద కూర్చుని వేరుశనక్కాయలు వలుస్తున్నారు. అంతా విన్నారు.

"గుంత తవ్వి సూసినావా?"

"లేదు సార్."

"ఏం తిన్నావు ఆ దినం?"

"బిర్యానీ సార్."

"బాగుండిందా?"

"బాగుండింది సార్."

"అయితే తొందరగా పోయి సెప్పు. తిన్న నోటితోనే సెప్పు."

ఓబులేసు చెప్పిన ఉపాయం కూడా చెప్పాను, కొంచెం ఆశగానే. ఆయన వలవడం ఆపారు. తన ముప్పయ్యో ఏట చాగలమర్రిలో ఒక ఇంటికి ఇలాగే గుంత పూడ్చి పునాది వేయించారట. రెండో ఏడు గోడ నిలువునా చీలింది. ఆ ఇంటివాళ్లు దిష్టి తగిలిందనుకున్నారు. గుమ్మడికాయ కట్టారు, గుమ్మం మార్చారు, చివరికి ఇల్లే అచ్చిరాలేదని అమ్ముకుని వెళ్లిపోయారు.

"నేను నోరు తెరవలేదు శివా. ఇప్పుటికీ ఆ దోవన బస్సులో పోతే, ఆ ఇల్లు కనపడకుండా అవతలి పక్క సీటు సూసుకుంటా."

మళ్లీ వేరుశనక్కాయలు వలవసాగారు.

తిన్న నోటితో

మరునాడు పొద్దున్నే వెళ్లి ఇద్దరినీ నిలబెట్టి చెప్పాను. గుంతలు తవ్వించి చూడాల్సింది, చూడలేదు. ఈ ఎస్టిమేట్ పనికిరాదు. ఉన్న డబ్బుతో ఈ ప్లానుకు స్లాబు పడదు. తప్పు నాది.

మస్తాన్ రాళ్ల కుప్ప మీద కూర్చుండిపోయాడు. కాసేపటికి, "పక్కింటోళ్ల మాట సెప్పింది నేనే గదా సారూ" అన్నాడు. తప్పించుకోవడానికి ఆయనే దారి ఇస్తున్నాడు.

"మీరు చెప్పింది పక్కింటి నేల మస్తానన్నా. నేను చూడాల్సింది మీ నేల" అన్నాను.

ఫాతిమాబీ మా మాటలు వింటున్నట్టు లేదు. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని ముగ్గు గీతల వెంట నడుస్తోంది. గుంత దగ్గర ఆగింది. వెనక్కి వచ్చింది. మళ్లీ వెళ్లింది.

"సారూ, ఈ మూల ఇడిసిపెడితే?"

"విడిచిపెడితే మిగతాదంతా గరుసు మీదే. కానీ ఆ మూలలో ఉండేది అంగడి కదమ్మా."

"అంగడి హాల్లోకి వస్తాది."

"మరి హాలు?" అన్నాడు మస్తాన్.

"హాలెందుకు? మనింటికొచ్చేటోళ్లు ఎప్పుడన్నా ఇంట్లో కూచున్నారా? అందరూ నీ అంగట్లోనే గదా కూచునేది. ఈ మూల రేకు కట్టి సైకిళ్లు నిలబెట్టుకో."

మస్తాన్ ఆమె వైపు చూశాడు. ఆ హాలు కోసం ఆమె నా ఆఫీసులో ఎంత పోట్లాడిందో మా ఇద్దరికీ తెలుసు. "వంటిల్లు తగ్గించుకుందాంలే, సిన్నదో పెద్దదో హాలు ఉండనీ" అన్నాడు మెల్లగా.

"వంటిల్లు ముట్టుకోవద్దు" అంది ఆమె.

అంతటితో ప్లాను మారింది. ఈసారి లెక్క వేయకముందు లోపలి వైపు మరో మూడు గుంతలు తవ్వించాను. ప్రతి గుంతలో నేనే దిగి గడ్డపారతో పొడిచి చూశాను. ఓబులేసు గట్టున నిలబడి, "దిగండి సారూ, ఇయ్యాల బిర్యానీ ల్యాదు" అన్నాడు. ఆ వార్త అతని దాకా ఎలా వెళ్లిందో ఇప్పటికీ తెలియదు.

కొత్త లెక్కలో స్లాబు పడుతుంది, అంతే. మిగిలేది ఏమీ లేదు. నా ఫీజు అడగలేదు. వృథాగా తవ్విన మూల పూడ్చిన కూలి నేనే ఇచ్చాను. పని నడిచినన్ని ఆదివారాలు బస్సెక్కి వెళ్లి వచ్చాను. ఇది మంచితనం అనుకోకండి. ఆ ఇంటి మీద కన్ను వేసి ఉంచకపోతే నాకు కుదురు ఉండేది కాదు.

ఆ తర్వాత నేను రాసిన ప్రతి ఎస్టిమేట్ మొదటి పేజీలో ఒక వాక్యం ఉండేది. నేలను ఎక్కడెక్కడ, ఎంత లోతు చూశానో, ఎక్కడ చూడలేదో అందులో ఉండేది. 'చూడలేదు' అన్న మాట చదివి కొందరు నన్ను వదిలి వేరేవాళ్ల దగ్గరికి వెళ్లారు. వాళ్లకు అన్నీ చూశామని చెప్పే ఇంజినీర్లు దొరికారు. మీరు ఆ వాక్యం రాయండి. బేరాలు కొన్ని పోతాయి. బస్సులో ఏ పక్కనైనా కూర్చోవచ్చు.

ఇంకొకటి. సొంతంగా గీసుకొచ్చిన ప్లాన్లను చూసి నవ్వాలనిపిస్తే, వాళ్లు వెళ్లాక నవ్వండి. ఆ రోజు గుంత గట్టున నాలుగు పేజీలు రాసిన నాకు తోచని దారి, జానలతో గోడలు కొలుచుకున్న మనిషికి తోచింది. ఆ ఇంట్లో ఏది లేకుండా బతకగలమో ఆమెకు తెలుసు. నాకు తెలియదు. ఎస్టిమేట్ వేసేవాడికి అది ఎప్పుడూ తెలియదు, అడగాలి.

సెంట్రింగ్ విప్పిన రోజు

యజమాని ఇచ్చిన గడువుకు నెల ముందే స్లాబు వేశారు. పైన మడులు కట్టి మూడు వారాలు నీళ్లు నిలిపారు. స్లాబు కింద ఆనించిన సెంట్రింగ్ పలకలు విప్పే రోజు రమ్మని మస్తాన్ కబురు చేశాడు. పిలవకపోయినా వెళ్లేవాణ్ని.

కింది వాసాలు ఒక్కొక్కటే కొట్టి తీస్తుంటే ఆ చప్పుడు నా వెన్నులో వినిపించింది. లెక్కలు సరిగ్గానే ఉన్నాయని తెలుసు. తెలిసినా, ఆఖరి వాసం తీసేటప్పుడు స్లాబు కింద నిలబడ్డ ఇంజినీరు ఎవరైనా సరే ఊపిరి బిగబడతాడు. అలా బిగబట్టలేదని చెప్పేవాణ్ని నేను నమ్మను. పలకలు దిగాయి. స్లాబు నిలబడింది. ఓబులేసు తలపాగా విప్పి ముఖం తుడుచుకుని, "సారూ, ఇంగ మీరు నవ్వచ్చు" అన్నాడు.

ఎర్రటి ఇటుక గోడలు, తలుపుల్లేని ఖాళీలు, కింద చదును చేయని మట్టి. మస్తాన్ మధ్యాహ్నానికల్లా పనిముట్లు తెచ్చి ముందు గదిలో పెట్టుకున్నాడు. గోడకు మేకు కొట్టి పాత టైరు ఒకటి తగిలించాడు. బోర్డు లేదు, షట్టరు లేదు. అయినా పంక్చరు అయిన సైకిలు తోసుకుంటూ ఒకాయన రానే వచ్చాడు. ఏమీ జరగనట్టు మస్తాన్ ట్యూబు బయటికి లాగాడు.

ఫాతిమాబీ వంటగదిలో మూడు ఇటుకలు పెట్టి పొయ్యి రాజేసింది. టీ తాగకుండా కదలనివ్వనంది. ఆ గదిలో నిజంగానే సైకిలు నేర్చుకోవచ్చు. సిమెంటు తట్ట బోర్లించి నాకు పీట వేసింది. కిటికీ ఖాళీలోంచి చూస్తే నల్లమల వైపు మబ్బు పట్టి ఉంది. నేను టీ గ్లాసు అందుకునేసరికి చినుకులు మొదలయ్యాయి. మరి కాసేపటికి గట్టి వాన.

ఎస్టిమేట్ వేసినవాడికి కొత్త స్లాబు మీద మొదటి వాన కంటే పెద్ద పరీక్ష లేదు. మడుల్లో నీళ్లు నిలిపినప్పుడు కిందంతా పలకలు ఉన్నాయి, చుక్క దిగినా తెలిసేది కాదు. ఇప్పుడు అడ్డం ఏమీ లేదు. నేను తల ఎత్తి ఒక మూల నుంచి ఇంకో మూలకు చూడసాగాను. పంక్చరు వదిలేసి మస్తాన్ చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు. ఆయనా తల ఎత్తాడు. పైన వాన, కింద పొయ్యిలో పుల్లలు చిటపటమంటున్నాయి.

ఫాతిమాబీ మా ఇద్దరినీ కాసేపు చూసింది.

"కారేదుంటే కారుతాది. మీరిద్దురూ మెడలెత్తుకోని సూస్తాంటే నిలుస్తాదా? సారూ, టీ సల్లారిపోతాంది, తాగండి" అంది.

తాగాను. పైకి చూస్తూనే తాగాను.